సగం బిళ్ళ

సాసర్‌లో సగం బిళ్ళ ఉంది. తెల్లనిది, కోలగా ఉన్నది, సరిగ్గా నడిమికి కోసినది. లెనోరా ఆ సాసర్‌ని అందరికీ కనబడేలా వంటింటి బల్ల మధ్యకి జరిపింది.

"నీ చొక్కా జేబులో దొరికింది," అంది మొగుడితో. "ఉతకడానికి వేస్తుంటే చేతికి తగిలింది. చెప్పు, ఎక్కడిది?"

డోర్సీ రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని కుర్చీలో ముడుచుకు కూర్చున్నాడు. గనిలో పైకప్పుకి బోల్టులు బిగించిన చేతులవి. ఇప్పుడు కాఫీ కప్పు పట్టుకుంటే తొణుకుతోంది.

"నిన్నే అడుగుతున్నా."

"తెలీదు."

"తెలీదా? దానంతటదే నడుచుకుంటూ వచ్చి జేబులో దూరిందా?"

పొయ్యి దగ్గర గ్రేవీ కలుపుతున్న అత్తగారు ఓమా గరిట ఒక్క క్షణం ఆపి మళ్ళీ తిప్పింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న మామగారు ఆర్విల్ రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. ఆయనకి శుక్రవారం నుంచీ జలుబు. అక్టోబరులో మా లోయని పొగమంచు పదింటిదాకా వదలదు, డెబ్బై దగ్గరపడ్డ మనిషికి జలుబు చేస్తే ఎవరూ వింతగా చూడరు. ఆ ఉదయం అసలు ఆయన జలుబుని ఎవరు పట్టించుకుంటారు?

"మధ్యాహ్నం రెండింటికి మత్తు మాన్పించే సూది," అంది లెనోరా. గొంతు పెంచలేదు. పెంచకపోతేనే ఆమెకి కోపం వచ్చిందని ఆ ఇంట్లో లెక్క. "ఒంట్లో ఇలాంటి మత్తుబిళ్ళ కాస్త మిగిలున్నా ఆ సూది పొడిస్తే ఏమవుతుందో ఆ నర్సు చెప్పింది కదా, అందరం విన్నాం కదా. వారం రోజులు పడే బాధంతా ఒక్క గంటలో మీద పడుతుందంది. ఆసుపత్రిపాలవుతావంది. విన్నావా లేదా?"

"విన్నా."

"మరి ఇదేంటి?"

"వేసుకోలేదుగా. జేబులోనే ఉందిగా."

"ఓహో. రెండో సగం ఎక్కడుంది మరి? అది కూడా జేబులోనే ఉందా?"

డోర్సీ తల వంచుకున్నాడు. దీనికి తన దగ్గర జవాబు ఉంది, కానీ అది చెప్పేది కాదు. ఆ సంగతి అప్పటికి ఇద్దరికే తెలుసు.

కిందటి నెల స్నానాలగది తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళింది లెనోరాయే. పెదాలు నీలంగా, కళ్ళు సగం మూసుకుని డోర్సీ పడి ఉన్నాడు. మత్తు విరిచే మందు ముక్కులో ఒకసారి కొట్టింది, కదల్లేదు. రెండోసారి కొట్టి, తను పనిచేసే వృద్ధాశ్రమంలో నేర్చుకున్న పని మొగుడి మీద చేస్తూ, అంబులెన్సు కొండ ఎక్కి వచ్చేదాకా ఊపిరి ఊదుతూ కూర్చుంది. ఐదేళ్ళ కూతురు టాన్సీ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ తరువాత ఆ పిల్ల వాళ్ళ నాన్న స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చుని పాటలు పాడుతుంది, ఆయన తిరిగి పాడేదాకా ఊరుకోదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున డోర్సీయే అన్నాడు, "ఏదో ఒక మందు పెట్టించండి నాకు, చావాలని లేదు" అని.

ఏ మందన్న దగ్గరే ఇల్లు రెండయింది.

ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఇంకా ఆ కాగితం వేళ్ళాడుతూనే ఉంది. ఊళ్ళో చికిత్సాకేంద్రం నడిపే నర్సు ట్వైలా స్వయంగా గళ్ళు గీసి రాసిచ్చింది. మూడు గళ్ళు, మూడు మందులు: రేకు, మెథడోన్, సూది.

"నేను రేకు అన్నాను మొదట్నుంచీ," అంది లెనోరా, కాగితం వైపు చెయ్యి చూపిస్తూ. "నాలుక కింద పెట్టుకునే రేకు. ఒంట్లో బాధ మొదలైతే చాలు, ఆ పూటే మొదలెట్టొచ్చంది. వారానికోసారి వెళ్ళి తెచ్చుకుంటే సరిపోయేది. ఈపాటికి వారం అయ్యుండేది. మీరంతా కలిసి సూదన్నారు."

"రేకూ ఆ మత్తు జాతిదేగా అమ్మాయ్," అన్నాడు ఆర్విల్. గొంతు బొంగురుగా ఉంది. "ఒక గొలుసు తీసి ఇంకో గొలుసు తగిలించుకోవడమే."

"జాతి అదే, కాదనలేదు. కానీ దాన్ని ఎంత వేసుకున్నా మత్తు ఒక మెట్టు దాటి పైకి పోదంది. ఆ మెట్టు దగ్గర మనిషి లేచి పనికెళ్ళొచ్చంది."

"దాన్ని కూడా పార్కింగుల్లో అమ్ముకుంటున్నారు జనం."

"మీ కుర్చీ పక్క చెక్కపెట్టెలో ఉన్నవీ అమ్ముకుంటున్నారు మావయ్యా. అందుకని మీరు మానేశారా?"

ఓమా గరిట మళ్ళీ ఆగింది. ఆర్విల్‌కి ఇరవై రెండేళ్ళ కిందట గనిలో పైకప్పు కూలి నడుము విరిగింది. అప్పటినుంచీ రోజుకి మూడు నొప్పి బిళ్ళలు, డాక్టరు రాసిచ్చినవే, ఒకటి ఎక్కువ గానీ తక్కువ గానీ వేసుకోడు. ఆ పెట్టెకి తాళం, తాళంచెవి ఓమా మెడలో. ఆ సంగతి ఎత్తినవాళ్ళెవరూ ఇంతదాకా లేరు.

"అది వేరు," అన్నాడు ఆర్విల్.

"సరే, వేరే. మరి మెథడోన్? అదీ పనికిరాదన్నారు."

"కొండ అవతల ఊరికి రోజూ పొద్దున్నే గంటన్నర పోయి, వరసలో నిలబడి, ఆవిడెవరో చూస్తుండగా గుక్కెడు తాగి రావాలి. పశువులు తొట్టె దగ్గరకి పోయినట్టు. బతుకా అది?"

"బతుకే. మా ఆశ్రమంలో వంట చేసే జెరల్డీన్ కొడుకు పదకొండేళ్ళుగా పోతున్నాడు. వాడికి బతుకుంది, పెళ్ళాం ఉంది, పడవ కూడా ఉంది. మనకి దూరమని వద్దనుకున్నాం, అంతవరకే. మందు మంచిది కాదని ఎవరూ అనలేదు."

"సూది శుభ్రమైంది," అన్నాడు ఆర్విల్ మొండిగా. "అందులో మత్తు చుక్క లేదు. నెలకొకసారి తుంటికి పొడుస్తారు, ఆ నెలంతా ఏది మింగినా ఎక్కదు. దానికన్నా ఇంకేం కావాలి?"

"పదిరోజులు ఏదీ ముట్టకుండా ఉండాలి, అదే కావాలి! వారమన్నా తక్కువ కాకుండా. ఇంకోటి కూడా చెప్పింది, మీకు గుర్తుందో లేదో. సూది మానేసి పాత అలవాటుకి పోతే, ఒళ్ళు పాత మోతాదు మర్చిపోయుంటుంది. అప్పుడు అదే బిళ్ళ ప్రాణం తీస్తుంది." ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఇతను తొమ్మిది రోజులు ఆగాడనుకుని నేను పండగ చేసుకున్నాను. నువ్వు తొమ్మిది రోజులు ఆగావా డోర్సీ?"

బయట బొగ్గు రైలు వంతెన దాటుతోంది. అది పూర్తిగా దాటాక ఆమె అత్తగారి వైపు తిరిగింది.

"పెట్టె తెరువత్తయ్యా," అంది లెనోరా.

"ఏంటమ్మా ఇది పొద్దున్నే..."

"తెరువు. ఇది మావయ్య బిళ్ళలాగే ఉంది. లెక్క చూద్దాం. తక్కువుంటే ఇంట్లోదే అనుకుంటాను. కొడుకు తండ్రి మందు దొంగిలించాడు, ఎంత సిగ్గుచేటైనా ఇంట్లో సంగతి. తక్కువ లేకపోతే బయట కొన్నట్టు. బయటవాటిలో ఏం కలుపుతున్నారో మనకి తెలుసు. ఇతను స్నానాలగదిలో పడింది అలాంటిదానికే."

ఓమా గ్రేవీ దించి, చేతులు తుడుచుకుని, మెడలోంచి తాళంచెవి తీసింది. సీసా బల్ల మీద బోర్లించారు. ఓమా వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ లెక్కపెట్టింది. సీసా మీద తారీకు చూసి, రోజుకి మూడు చొప్పున తీసేసి, మళ్ళీ లెక్కపెట్టింది.

"సరిపోయాయి," అంది. "ఒక్కటి కూడా తేడా లేదు."

ఆ మాటంటూ ఆమె మొగుడి ముఖం వైపు చూసింది. ఆర్విల్ కిటికీలోంచి వంతెన వైపు చూస్తున్నాడు. రైలు ఎప్పుడో పోయింది.

"చూశావా, వాడు ముట్టలేదు పెట్టెని," అన్నాడు.

నిజమే అన్నాడు. ఆర్విల్ ఎస్టెప్ అబద్ధం ఆడడని ఊళ్ళో పేరు. సంఘపెద్దగా ఇరవయ్యేళ్ళు చర్చిలో ముందు బెంచీ మీద కూర్చున్న మనిషి. అలాంటివాళ్ళు నిజాన్ని ఎంత చిన్నది చేసి చెప్పగలరో నేను ఈ కొండల్లో చాలా చూశాను. అబద్ధాలకోరుల్ని క్షమించినంత తేలిగ్గా వాళ్ళని క్షమించలేను.

"అయితే బయటదే," అంది లెనోరా.

ఇప్పుడామె గొంతులో కోపం లేదు, దుఃఖం ఉంది. సాసర్ ఎత్తి, ఆ సగం బిళ్ళని కాగితపు రుమాల్లో చుట్టి, తన చేతిసంచిలో వేసుకుంది.

"రెండింటికి వెళ్దాం. అక్కడ పరీక్షకి కప్పు ఇస్తారు, అందులో పోస్తావు. అందులో ఏదన్నా తేలితే నేను టాన్సీని తీసుకుని ఒహాయోలో మా అక్క దగ్గరికి పోతాను. బెదిరింపు కాదు డోర్సీ. ఆ పిల్ల ఇంకోసారి ఆ గుమ్మంలో నిలబడకూడదు."

డోర్సీ తలెత్తాడు. పెళ్ళాన్ని చూడలేదు, తండ్రిని చూశాడు. తండ్రి రుమాలు మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడత పెడుతున్నాడు.

"బిస్కెట్ రొట్టెలు చల్లారిపోతున్నాయి," అంది ఓమా ఎవరితోనో.

ఎవరూ తినలేదు.

*

ఆర్విల్ తనూ వస్తానన్నాడు. వద్దంటే వినలేదు. ఓమా టాన్సీ స్కూలు బస్సుకి ఎదురెళ్ళాలని ఇంట్లో ఉండిపోయింది. కారెక్కేముందు ఆయన కోటు గుండీలు పెడుతూ మెల్లిగా అంది, "జలుబుకి దిండు ఇలా తడిసిపోదు ఆర్విల్. నాలుగు రాత్రుల నుంచి గలీబులు మారుస్తున్నాను." ఆయన వినపడనట్టే కారెక్కి కూర్చున్నాడు.

లెనోరా నడిపింది. పక్క సీట్లో మామగారు, వెనక డోర్సీ. ఏటి వెంబడి మలుపులు తిరుగుతూ అరగంట దారి. మామూలుగా ఈ దారిలో ఆర్విల్ నోరు మూతపడదు. ఇక్కడ ఫలానా గని ఉండేది, అక్కడ ఫలానా వాడి కోడిని నక్క ఎత్తుకుపోయింది అని నూరోసారి చెబుతాడు. ఆ రోజు ఆవలింతలు తప్ప ఏమీ రాలేదు.

"హీటరు తగ్గించనా మావయ్యా? చెమటలు పడుతున్నాయి మీకు."

"వద్దు. చలేస్తోంది."

"చలికి చెమటా?"

"జలుబన్నానుగా."

వెనకనుంచి డోర్సీ అన్నాడు, "నాన్నా, నువ్వు కార్లోనే కూచో. లోపలికి రావద్దు."

"ఎందుకు రాకూడదు?"

"ఊరికే. రావద్దంతే."

లెనోరా అద్దంలో మొగుడి కళ్ళు చూసింది. బతిమాలుతున్న కళ్ళు. తండ్రి ముందు పట్టుబడతానని సిగ్గుపడుతున్నాడనుకుంది. ఆవిడ అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. తొమ్మిదేళ్ళ కాపురంలో డోర్సీ ఆమెకి అబద్ధాలే ఎక్కువ చెప్పాడు.

"పోయిన ఆదివారం," అంది దారి మీంచి కళ్ళు తిప్పకుండా, "మావయ్య లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు, గుర్తుందా? 'నా కొడుకు ఆరు రోజులుగా ఏ మందూ ముట్టలేదు, వాణ్ణి నిలబెట్టింది ప్రభువు ఒక్కడే' అన్నారు. చర్చి అంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నువ్వు పక్కన కూర్చుని తల దించుకున్నావు. వినయం అనుకున్నాను."

ఆర్విల్ కిటికీ అద్దానికి తల ఆనించాడు.

"ఇంక చాలు లెనోరా," అన్నాడు డోర్సీ.

"నాకూ చాలనే ఉంది."

*

చికిత్సాకేంద్రం ఒకప్పుడు బూట్ల కొట్టు. గోడకి బూట్లు పెట్టిన అరలు ఇంకా ఉన్నాయి, వాటిలో ఇప్పుడు కరపత్రాలు పెట్టారు. కొడుకు వద్దన్నా ఆర్విల్ వెనకే లోపలికి వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ట్వైలా యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మగవాళ్ళ చేతిగడియారం. ఈ మందులు రాయడానికి ఆ చుట్టుపక్కల అధికారమున్నది ఆమె ఒక్కదానికే. అందరినీ చిన్నప్పటినుంచీ ఎరిగినట్టే పలకరిస్తుంది.

"రా బాబూ, కూర్చో. ఎలా ఉంది?"

"బానే ఉంది."

"అబద్ధం. బాగుంటే నా దగ్గరికెందుకొస్తావు." ఆమె నాడి చూసింది, కనుపాపలు చూసింది, అరచేతులు తిప్పి చూసింది. "ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నావు? ఏదైనా సరే. వీధిలోది, ఇంట్లోది, దగ్గుమందు, ఏదైనా."

"తొమ్మిది రోజులైంది. పోయిన సోమవారం."

లెనోరా సంచి తెరిచింది. కాగితపు రుమాలు విప్పి ట్వైలా బల్ల మీద పెట్టింది.

"ఇది ఆయన జేబులోది. ఎక్కడిదో నాకు చెప్పడం లేదు. మీరడగండి."

ట్వైలా కళ్ళజోడు సవరించుకుని బిళ్ళ మీది అచ్చు చదివింది. ముఖంలో ఏమీ మారలేదు. "వీధి సరుకులా లేదిది. మందుల షాపులోది. ఎవరిచ్చారు డోర్సీ?"

డోర్సీ గోడవైపు చూస్తున్నాడు.

"నేను పోలీసుని కాదు. కానీ నువ్వు నిజం చెప్పకుండా ఈ సూది పొడిస్తే నేను నీకు చేసేది వైద్యం అనిపించుకోదు. నీకు అర్థమవుతోందా? ఇది తలుపుకి వేసే గొళ్ళెం లాంటిది. లోపల ఇంకా ఎవరన్నా ఉండగా వేస్తే వాళ్ళు తలుపు బద్దలుకొడతారు. ఎప్పుడు వేసుకున్నావు, ఎంత వేసుకున్నావు?"

"చెప్పానుగా. తొమ్మిది రోజులు."

"డోర్సీ," అంది లెనోరా. ఏడుపొచ్చేసింది ఆమెకి. "నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పు. పోనని ఒట్టేస్తాను. ఒహాయో లేదు, ఏమీ లేదు. చావకు, అంతే. చెప్పు."

ట్వైలా లేచి అరలోంచి మూత ఉన్న ప్లాస్టిక్ కప్పు తీసింది.

"అయితే ఇదే చెప్పాలి."

అప్పుడు తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది.

ఆర్విల్ లేచి నిలబడ్డాడు. టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఎలా నిలబడతాడో అలాగే.

"కూచో నాన్నా," అన్నాడు డోర్సీ గబుక్కున.

"నేనిచ్చాను," అన్నాడు ఆర్విల్.

లెనోరా అటు తిరిగింది.

"అది నా బిళ్ళ. నేనే నా చాకుతో కోసి ఇచ్చాను. లెక్క సరిపోయింది ఎందుకంటే నా వంతులోంచే ఇచ్చాను. పూటకి ఒకటి తీసి, నాకు సగం, వాడికి సగం." ఆయన ఆగి ముక్కు తుడుచుకున్నాడు. "పోయిన గురువారం మొదలెట్టాను. అప్పటికి మూడో రోజు. వీడు నేల మీద పడి ఉన్నాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి, కాళ్ళు వాటంతటవే తన్నుకుంటున్నాయి. అమ్మా అంటున్నాడు. ముప్ఫై రెండేళ్ళ వెధవ, అమ్మా అంటున్నాడు."

"నాన్నా, చాలు."

"గనిలో పక్కవాడి తిండి బకెట్ ఖాళీగా ఉంటే మన బకెట్లోంచి సగం తీసి పెట్టాలి. అడక్కూడదు, చెప్పకూడదు, ఇంటికెళ్ళి పెళ్ళానికి కూడా చెప్పకూడదు. వాడి పరువు పోతుంది. మా నాన్న నాకు నేర్పింది అదొక్కటే. ముప్ఫయ్యొక్క ఏళ్ళు అలాగే పనిచేశాను. కింద ఆ చీకట్లో సగం ఇవ్వనివాణ్ణి మనిషి కింద జమకట్టేవాళ్ళం కాదు. నాకు మందుల సంగతి ఏం తెలుసమ్మా? వీడి బకెట్ ఖాళీగా ఉందనిపించింది. సగం పెట్టాను."

లెనోరా ఆయన దగ్గరికి రెండడుగులు వేసి ఆగిపోయింది. కొడదామని వెళ్ళిందో పట్టుకుందామని వెళ్ళిందో ఆమెకే తెలియలేదు.

"పొద్దున నేను మిమ్మల్ని అడిగాను," అంది. "ఆ బల్ల దగ్గర. ఇతన్ని దొంగన్నాను. మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు."

"అవును."

"మీ అబ్బాయి తొమ్మిది రోజులు ఏమీ ముట్టలేదని చర్చిలో..."

"ఆరు రోజులన్నాను," అన్నాడు ఆర్విల్. ఆ తరువాత తనే సిగ్గుపడ్డాడు. "ఆ రోజు కూడా ఇచ్చాను. కార్లో. లోపలికి వెళ్ళే ముందు."

డోర్సీ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి నేలవైపు చూస్తూ మాట్లాడాడు. "అదే ఆఖరుది. ఆదివారం పొద్దుటిది. నువ్వు లేచి నిలబడి అలా చెప్పాక నాకు మళ్ళీ మింగుడుపడలేదు. ఆ తరువాత ఇచ్చినవన్నీ సింకులో వేశాను. నిన్న సాయంత్రంది జేబులో మర్చిపోయాను."

"వద్దని నాతో చెప్పొచ్చుగా?" అన్నాడు తండ్రి.

"నువ్వు నీది కోసి పెడుతుంటే వద్దని ఎలా అంటాను?"

లెనోరా మొగుడి పక్కన కుర్చీలో కూలబడి అతని మెడ వెనక చెయ్యి వేసింది. చొక్కా తడిసిపోయి ఉంది. మూడు రోజులుగా ఇతను ఆ బాధని చేతిలో మందుండగా పడ్డాడన్న సంగతి ఆమెకి అప్పుడు అర్థమైంది.

ట్వైలా కప్పు పక్కన పెట్టింది. ఎవర్నీ తిట్టలేదు.

"సరే. ఇప్పుడు నాకు పని చెయ్యడానికి దారి దొరికింది. సూది కావాలంటే లెక్క ఆదివారం నుంచి మొదలవుతుంది. అంటే ఇంకో వారం, ఇలాగే."

"ఇంకో వారం ఇలాగే అంటే ఇతను బయటికి పోతాడు," అంది లెనోరా. "పోయి మళ్ళీ అదే తెచ్చుకుంటాడు."

"అది నిజమే, చాలామంది ఆ వారం దాటలేరు. దాటినవాళ్ళకి సూది బాగా పనిచేస్తుంది, నేను చెడ్డదనను. రెండోది, రేపు పొద్దున కొండ అవతల మెథడోన్. దానికి ఆగక్కర్లేదు, కానీ రోజూ పోవాలి. మూడోది రేకు." ఆమె డోర్సీ అరచెయ్యి మళ్ళీ చూసింది. "మూడు రోజులైంది, ఒళ్ళంతా గగుర్పాటు, కనుపాపలు ఇంతేసి ఉన్నాయి. ఒంట్లో ఆ పాతది దాదాపు దిగిపోయింది. రేకు ఇప్పుడే పెట్టొచ్చు. ఇక్కడే, నా కళ్ళముందు. గంటలో ఈ వణుకు తగ్గుతుంది. ఏది కావాలో నువ్వు చెప్పాలి. మీ ఆవిడ కాదు, మీ నాన్న కాదు."

డోర్సీ ఆమె చేతిలోంచి తన అరచెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రేకు," అన్నాడు.

లెనోరా కళ్ళు మూసుకుంది. గొలుసు సంగతి ఆర్విల్‌కి ఇప్పుడు గుర్తు రాలేదో, వచ్చినా మింగేశాడో.

ట్వైలా లోపలికి వెళ్ళి చిన్న పొట్లం తెచ్చింది. కత్తిరించబోతూ ఆగింది. ఆమె చూపు డోర్సీ మీద లేదు. తలుపు దగ్గర నిలబడి రుమాలుతో ముక్కు, కళ్ళు, మెడ ఒకదాని తరువాత ఒకటి తుడుచుకుంటున్న పెద్దాయన మీద ఉంది. ఆయన ఆవలించాడు. వెంటనే మళ్ళీ ఆవలించాడు.

"ఎస్టెప్ గారూ, ఆ జలుబు ఎప్పటినుంచి?"

"శుక్రవారం నుంచి."

"బిళ్ళ సగం చేసుకున్నది గురువారం కదా?"

"అవును." ఆయన మరొకటి అనబోయి ఆగిపోయాడు.

"రాత్రిళ్ళు చెమటలు? కాళ్ళు లాగడం? కడుపులో తిప్పడం?"

లెనోరా మెల్లిగా ఆయన వైపు తల తిప్పింది. కార్లో చలికి పట్టిన చెమట గుర్తొచ్చింది ఆమెకి. ఆరు రోజులుగా ఇంట్లో ఇద్దరు అదే బాధ పడ్డారు. ఒకడికి పక్కన బకెట్టూ దుప్పటీ పెట్టి కాపలా కాశారు. ఇంకొకాయనకి వేడి సూపు కాచి ఇచ్చారు.

"నాది నొప్పికి," అన్నాడు ఆర్విల్. "డాక్టరు రాసిచ్చింది. నేను వీడిలాంటివాణ్ణి కాదు."

"కాదు. నొప్పికి వేసుకునే మనిషి వేరే, నాకు తెలుసు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనడం లేదు. కానీ మీ ఒంటికి ఆ తేడా తెలీదు, అది ఇరవై రెండేళ్ళుగా దానికి అలవాటుపడింది. మీ డాక్టరుతో నేను మాట్లాడతాను. ఇప్పుడు మాత్రం అలా నిలబడొద్దు." ఆమె రెండో కుర్చీ లాగి డోర్సీ పక్కన వేసింది. "రండి. కూర్చోండి. మీ నాడి కూడా చూస్తాను."

ఆర్విల్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

"నేను కార్లో ఉంటాను. ముందు పిల్లాడి సంగతి చూడండి."

తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. ట్వైలా పొట్లం కత్తిరించి, నారింజరంగు రేకుని వేలికొసన పట్టుకుంది. "నాలుక పైకెత్తు బాబూ," అంది.

డోర్సీ నోరు తెరవలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. దవడ బిగించి, తలుపు దగ్గరున్న తండ్రిని చూస్తూ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఏంటి డోర్సీ?" అంది లెనోరా. "నోరు తెరువు."

"ఆయన ఇందులో కూర్చోవాలి," అన్నాడు డోర్సీ. "అప్పుడు తెరుస్తాను. లేకపోతే అక్కర్లేదు."

"నీకు పిచ్చా? ఆయన పట్టుదల నీకు తెలీదా?"

"తెలుసు."

ట్వైలా వేలి మీద రేకు అలాగే ఉంది. లెనోరా మామగారి వీపు వైపు చూసింది. ఆయన ఇటు తిరగలేదు. పిడి మీది చెయ్యి వణుకుతోంది, ఆ వణుకుకి ఇత్తడి పిడి గలగలమంటోంది. ఆయన ఆ చప్పుడు ఆపుదామని రెండో చెయ్యి కూడా వేశాడు.

చప్పుడు ఆగలేదు.